గోల్ఫ్‌లో డ్రైవర్ వదిలేసి 4-ఐరన్ పట్టిన పెద్దాయన: టీ మీద ఏ క్లబ్ తీయాలన్న దాని మీద ఒక కేసు

ఈ కేసు రాసిపెట్టడానికి కారణం ఒకటే. "డ్రైవర్ రిస్కు, 3-వుడ్ సేఫు" అనే మాట మన దగ్గర గోల్ఫ్ ఆడేవాళ్లలో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే దాన్ని కొలిచి చూసేవాళ్లే లేరు. (డ్రైవర్ అంటే టీ మీద నుంచి, అంటే హోల్ మొదట్లో బాల్‌ని చిన్న పుల్ల మీద పెట్టి, అన్నిటికంటే దూరం కొట్టే పొడుగు క్లబ్. 3-వుడ్ దానికంటే కొంచెం పొట్టిది, 4-ఐరన్ ఇంకా పొట్టి, పల్చటి ఇనుప తలది.) కొలిస్తే ఏం బయటపడుతుందో ఈ ఒక్క మనిషి ఆటలో బాగా స్పష్టంగా కనపడింది. ఆయన సరే అన్నాకే రాస్తున్నాను. పేరు, వ్యాపారం, ఆడే కోర్సు, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసినాను, అంకెలు దగ్గర్లో ఉండే రౌండ్ అంకెలుగా పెట్టినాను.

మనిషి గురించి కొంచెం

యాభై దాటినాక గోల్ఫ్ మొదలుపెట్టినారు. కుడిచేతి వాటం. చిన్నప్పుడు క్రికెట్ బాగా ఆడినారు, స్క్వేర్ కట్ అంటే ప్రాణం, ఆ కట్ అలవాటు చేతుల్లో ఇంకా పోలేదు. ఉండేది అనంతపురం. ఆదివారం చీకటితోనే బయల్దేరి ఎన్‌హెచ్ 44 మీద పెనుకొండ, బాగేపల్లి దాటుకొని బెంగళూరు పక్క ఒక కోర్సులో ఆడి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తారు. వారం మధ్యలో ప్రాక్టీసు ఊరి బయట మా షెడ్డులో, అక్కడ ఒక నెట్టు, మ్యాటు, బాల్ స్పీడూ దిక్కూ కొలిచే లాంచ్ మానిటర్ మిషన్ ఉన్నాయి, వెనక్కాల చేను ఉంది, వేరుశనగ పీకేసినాక దాంట్లోకి కొడితే బాల్ పూర్తిగా ఎగిరేది కళ్లతో చూడొచ్చు. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తగ్గేకొద్దీ మంచిది) 22 దగ్గర. డ్రైవర్ కొట్టేటప్పుడు క్లబ్ తల స్పీడు గంటకి 86 మైళ్లు, ఆ వయసుకి అది తక్కువేమీ కాదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన అడిగింది డ్రైవర్ గురించి కాదు. "డ్రైవర్ నాకొద్దప్పా, అది నన్ను ముంచుతాంది. 3-వుడ్ మంచిగా కొట్టేది నేర్పు, చాలు" అన్నారు. "నేర్పిస్తానన్నా, కాకపోతే ముందు రెండూ కొలుద్దాం, అంకెలు చూసినాక మీరే చెప్పండి" అన్నాను. ఇట్లా అనడానికి కారణం ఉంది. వచ్చినవాళ్లు అడిగింది వెంటనే మొదలుపెడితే అసలు జబ్బు ఎక్కడుందో తెలీకుండానే నెలలు గడిచిపోతాయి.

అప్పటిదాకా ఆయన చేసి చూసినవి

మొదటి డ్రైవర్ సెకండ్ హ్యాండ్ది, లాఫ్ట్ (బాల్‌కి తగిలే ముఖం, అంటే ఫేస్, వెనక్కి వాలిన కోణం) 9.5 డిగ్రీలు, షాఫ్టు (క్లబ్ కర్ర) స్టిఫ్, అంటే గట్టిది, తక్కువ స్పిన్ ఇచ్చే చిన్న తల. పెద్ద ప్రొఫెషనల్స్ వాడేది కదా అని కొన్నారు. బాల్ ఎడమ పక్కన మొదలై కుడికి అరటికాయ లాగా వంగి ఔటాఫ్ బౌండ్స్‌లోకి, అంటే కోర్సు హద్దు బయటికి పోయేది. తర్వాత బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పుట్టినరోజుకి కొత్త డ్రైవర్ తెచ్చిచ్చినాడు, 460 సీసీ తల, "తప్పు కొట్టినా సూటిగా పోయే" రకం. అది కూడా కుడికే పోయింది. దాంతో ఆయనకి డ్రైవర్ అంటేనే విరక్తి వచ్చేసి 3-వుడ్‌కి మారినారు, ఆ తర్వాత కుడి పక్క గోడ గానీ కంచె గానీ ఉన్న ప్రతి హోల్లోనూ 4-ఐరన్ పట్టినారు. మధ్యలో ఎవరో "హై సీఓఆర్" డ్రైవర్ అమ్ముతామన్నారంట, ఫేస్ బాగా స్ప్రింగ్ కొట్టి బాల్ దూరం పోతుందని. గోల్ఫ్ రూల్స్ పెట్టే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థల ప్రకారం ఫేస్ స్ప్రింగ్‌కి హద్దు ఉంది, సీఓఆర్ లెక్కలో 0.830 అని చెప్పేదే అది, దాన్ని దాటిన క్లబ్బుతో కొట్టిన స్కోరు హ్యాండిక్యాప్‌కి పనికిరాదు. పైగా ఆయనకి కరువు దూరం కాదు, దిక్కు. అందుకని ఆ సంగతి అక్కడే వదిలేసినాం.

స్కోరు కార్డులు తెప్పించి చూసినాను. ఐరన్ పట్టినాక ఔటాఫ్ బౌండ్స్ తగ్గిన మాట నిజం. స్కోరు మాత్రం తగ్గలేదు. 380 యార్డుల పార్-4లో (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) టీ మీద నుంచి 155 పోతే ఇంకా 225 మిగులుతుంది, ఆయన బ్యాగులో ఏ క్లబ్బూ అంత దూరం పోదు, కాబట్టి ప్రతి పార్-4 ఆయనకి పార్-5 అయిపోయింది. పద్దెనిమిదిలో నాలుగు పార్-3లు తీసేస్తే మిగిలిన పద్నాలుగు హోల్స్‌లోనూ ఇదే తంతు.

కొలిచినప్పుడు కనపడింది

ప్రతి క్లబ్బుతోనూ బాగా కొట్టినవి, చెడ్డవి అన్నీ లెక్కలోకి తీసుకున్నాం. చాలామంది తమ బెస్టు షాట్ గుర్తుపెట్టుకొని "నా డ్రైవర్ 230" అంటారు, టీ మీద నిర్ణయం తీసుకోవడానికి ఆ అంకె ఎందుకూ పనికిరాదు. కావాల్సింది బాల్స్ పడిన వెడల్పు. ఎడమ చివర పడినదానికీ కుడి చివర పడినదానికీ మధ్య ఎంత దూరం అనేది.

డ్రైవర్ సగటున 190 యార్డులు, వెడల్పు 75 పైనే. 3-వుడ్ 180, వెడల్పు 48. 4-ఐరన్ 155, వెడల్పు 38. అంటే ఆయన భయం ఉత్త భయం కాదు, ఆయన చేతిలో ఉన్న ఆ డ్రైవర్ నిజంగానే అడ్డదిడ్డంగా పోతాంది. ఈ మాట ఆయనకి అట్లనే చెప్పినాను, ఎందుకంటే మనిషి అనుభవాన్ని కొట్టిపారేసి మన సిద్ధాంతం నెత్తిన పెడితే తర్వాత మనం చెప్పేది ఏదీ వినరు.

కాకపోతే అదే అంకెల్లో ఇంకోటి కూడా ఉంది. 180కి 48 అన్నా, 155కి 38 అన్నా కోణం లెక్కలో దాదాపు ఒకటే, పద్నాలుగు పదైదు డిగ్రీల దగ్గర. అంటే ఐరన్ ఆయన్ని సూటిగా కొట్టనీయడం లేదు, బాల్ దగ్గర్లోనే ఆగిపోతాంది కాబట్టి తక్కువ చెదిరినట్టు కనపడతాంది అంతే. ఇరవై డిగ్రీల పైన ఉన్న డ్రైవర్ ఒక్కటే తేడా. అప్పుడు నా ముందున్న ప్రశ్న మారిపోయింది. ఏ క్లబ్ సేఫు అనేది కాదు, ఈ డ్రైవర్ ఒక్కటే ఎందుకు వేరుగా ఉంది అనేది.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పుకోవాలి. "3-వుడ్ సేఫు" అనే మాట పర్సిమన్ చెక్క తలల కాలంలో పుట్టింది. అప్పట్లో డ్రైవర్ తల ఇప్పటి 3-వుడ్ తల అంతే ఉండేది, లాఫ్ట్ తక్కువ, షాఫ్ట్ పొడుగు, కాబట్టి డ్రైవర్ నిజంగానే బ్యాగులో అన్నిటికంటే కష్టమైన క్లబ్. 1979లో టేలర్‌మేడ్ స్టీలు తలతో మెటల్ వుడ్ తెచ్చింది, 1991లో కాల్వే బిగ్ బెర్తా వచ్చింది, అప్పటికి అది 190 సీసీ, దాన్నే పెద్దది అనుకున్నారు. టైటానియం వచ్చినాక తలలు ఉబ్బిపోయి, 2004 నుంచి 460 సీసీ దగ్గర రూలు కట్టేసినారు. ఆ తర్వాత ఎంఓఐకి (తల మెలితిరగకుండా నిలబడే గుణం, కింద చెప్తాను) కూడా హద్దు పెట్టినారు, 5900. ఇప్పుడొచ్చే పెద్ద డ్రైవర్లు ఆ హద్దుకి ఆనుకొనే ఉంటాయి. 2024లో "10కె" అని అమ్మినవి అడ్డం తిరిగే ఎంఓఐ, నిలువు తిరిగే ఎంఓఐ రెండూ కూడితే పదివేలు దాటినవి, అంతేగానీ ఒక్కదాంట్లోనే పదివేలు కాదు.

ఎంఓఐ అంటే బాల్ ఫేస్ మధ్యలో కాకుండా పక్కన తగిలితే తల ఎంత మెలితిరగకుండా నిలబడుతుంది అనేది. కావడి మోసేవాణ్ని చూడండి, బిందెలు రెండు చివర్లకి వేలాడుతుంటే గభాల్న పక్కకి తిరగలేడు, అదే బరువు భుజం దగ్గరికి లాక్కుంటే సులువుగా తిరుగుతాడు. పెద్ద తలలో బరువుని అంచులకీ వెనక్కీ నెట్టడం అందుకే. ఈ లెక్కలో ఇప్పటి డ్రైవర్ బ్యాగులో అన్నిటికంటే క్షమించే క్లబ్, 3-వుడ్ ఎంఓఐ దాంట్లో సగం దగ్గర ఉంటుంది.

మరి అంత క్షమించే తల ఉండీ ఆయన బాల్ ఎందుకు కుడికి పోతాంది? ఎందుకంటే ఎంఓఐ క్షమించేది బాల్ ఎక్కడ తగిలింది అనే తప్పుని. ఫేస్ ఎటు చూస్తాంది అనే తప్పుని అది క్షమించలేదు. కొడుకు కొనిచ్చినప్పుడు షాపులో చెప్పి ఉండాల్సిన మాట ఇది. ఫేస్ స్వింగ్ దారికి కుడిపక్కకి తెరుచుకొని ఉంటే నట్టనడిమిన తగిలినా బాల్ కుడికే వంగుతుంది.

ఆయన జబ్బు ఏ పాళ్లలో ఏది అని తేల్చడానికి బాల్ మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి కొట్టించినాను, ఫేస్ మీద అచ్చు పడుతుంది. చాలా అచ్చులు హీల్ పక్కన (ఫేస్‌లో షాఫ్ట్ వైపు చివర), కొంచెం కింద. హీల్లో తగిలితే గేర్ ఎఫెక్ట్ (తల మెలితిరిగి పళ్ల చక్రం లాగా బాల్‌ని ఎదురు తిప్పడం) వల్ల కుడికి వంగే స్పిన్ ఇంకా పెరుగుతుంది, కింద తగిలితే బ్యాక్‌స్పిన్ పెరిగి బాల్ పైకి లేచి చచ్చిపోతుంది. దాని పైన స్వింగ్ దారి బయట నుంచి లోపలికి, ఫేస్ ఆ దారికి తెరుచుకొని. రెండు తప్పులూ ఉన్నాయి. ఇంకోటి కూడా దొరికింది. డ్రైవర్ మెడ దగ్గర స్లీవ్ (లాఫ్ట్ మార్చడానికి తిప్పే బిగింపు) తిప్పి 10.5ని 9 చేసిపెట్టినారు, రోల్ ఎక్కువొస్తుందని. స్లీవుతో లాఫ్ట్ తగ్గిస్తే ఫేస్ కూడా తెరుచుకుంటుంది. స్లైస్, అంటే కుడికి వంగే షాట్, కొట్టే మనిషికి స్లైస్ ఫేసు బిగించి ఇచ్చినట్టయింది.

సరిపోనివి

తలలో జారే బరువు ఉంది కాబట్టి ముందు దాన్ని హీల్ వైపుకి, డ్రా పక్కకి (బాల్ ఎడమకి వంగడానికి సాయం చేసే పక్క) జరిపినాం. ఖర్చు లేని మార్పు, చేసి చూడడంలో నష్టం లేదు. వంపు కొంచెం తగ్గింది, వెడల్పు 75 నుంచి 68 దాకా వచ్చింది. ఫేస్ మూడు నాలుగు డిగ్రీలు తెరుచుకొని వచ్చేవాడికి బరువు జరపడం ఒక్కటే చాలదు. ఆయనకి అప్పుడే నిరుత్సాహం మొదలైంది, "చూసినావా, ఇది నాకు రాసిపెట్టలేదు" అన్నారు.

తర్వాత స్లీవ్ తిప్పి 9 నుంచి 12 చేసినాం. ఇది పనిచేసింది కానీ సగం పనే. వంపు బాగా తగ్గింది, కారణం ఏమిటంటే లాఫ్ట్ ఎక్కువైతే బ్యాక్‌స్పిన్ పాలు పెరుగుతుంది, ఫేస్ అంతే తెరుచుకున్నా స్పిన్ అక్షం తక్కువ వాలుతుంది, బాల్ తక్కువ వంగుతుంది. కానీ హీల్ దెబ్బలు హీల్లోనే ఉన్నాయి, బాల్ ఎత్తుకి లేచి ఎదురుగాలికి వెనక్కి వస్తాంది. షెడ్డు దగ్గర ఆషాఢం గాలి మామూలుగా ఉండదు, ఆ రోజుల్లో ఆయన కొట్టిన కొన్ని బాల్స్ నిలువుగా లేచి అక్కడే దిగినాయి.

ఈ మధ్యలో ఆయనే మినీ డ్రైవర్ (డ్రైవర్ కంటే చిన్న తల క్లబ్) సంగతి అడిగినారు. 2023లో టేలర్‌మేడ్ బర్నర్ మినీ వచ్చినాక చాలామంది అడుగుతున్నారు, 304 సీసీ, లాఫ్ట్ 11.5 గానీ 13.5 గానీ, షాఫ్ట్ డ్రైవర్ కంటే పొట్టి. మంచి వస్తువే. టీ మీదా గడ్డి మీదా రెండు చోట్లా కొట్టగలిగే గట్టి ఆటగాడికి దాంతో లాభముంది. ఈయనకి వద్దన్నాను. ఆ క్లబ్ సులువుగా ఉండడానికి కారణం లాఫ్టూ, పొట్టి షాఫ్టూ. ఆ రెండూ ఇప్పుడు చేతిలో ఉన్న డ్రైవర్‌కే ఇచ్చేయొచ్చు. తలలో ఉన్న ఎంఓఐని మాత్రం చిన్న తలకి తెచ్చివ్వలేం, హీల్లో కొట్టే మనిషి ఆ క్షమించే గుణాన్ని చేతులారా ఎందుకు వదులుకోవాలి?

నా ఆలోచన మొత్తం ఈ మాట చుట్టూనే తిరిగింది. ఆయన 3-వుడ్ సూటిగా పోతాంది అంటే దానికి కారణం 15 డిగ్రీల లాఫ్టు, 43 ఇంచుల షాఫ్టు. అది 3-వుడ్ కాబట్టి కాదు. మరి డ్రైవర్ని ఆ వైపుకి జరిపితే ఏమవుతుంది?

పనిచేసింది

కొడుకు తెచ్చిన తలే ఉంచినాం, లాఫ్ట్ 12 అట్లనే. షాఫ్ట్ మార్చినాం, 45.75 ఇంచుల స్టిఫ్ తీసేసి 44.5 ఇంచుల రెగ్యులర్. ఇంచు పైన కోస్తే స్వింగ్‌వెయిట్ (తిప్పేటప్పుడు చేతికి తెలిసే తల బరువు) ఆరేడు పాయింట్లు పడిపోతుంది, తల గాల్లో ఉందో లేదో తెలీనట్టు అయిపోతుంది, అందుకని తల వెనక స్క్రూ మార్చి బరువు పన్నెండు గ్రాముల దాకా పెంచినాం. పాత షాఫ్టుని ఊరికే కోసేసి "పొట్టిగా చేయించినా, ఏం లాభం లేదు" అనేవాళ్లలో చాలామంది ఈ బరువు సంగతి మర్చిపోయినవాళ్లే.

స్వింగ్‌లో పెద్ద మార్పులు పెట్టలేదు. ఆ వయసులో, వారానికి ఒక ఆట ఆడే మనిషికి స్వింగ్ దారి మొత్తం మార్చాలంటే ఏడాది పడుతుంది, అంతలో ఆట మీద ఇష్టం చచ్చిపోతుంది. పట్టు ఒక్కటి మార్చినాం, ఎడమ చేయి కొంచెం కుడికి తిప్పి, రెండు కణుపులు కనపడేటట్టు. బాల్ ఎడమ మడమకి ఎదురుగా, టీ ఎత్తుగా, సగం బాల్ తల పైన కనపడేటట్టు. ఆయన టీ చాలా కిందికి గుచ్చేవారు, ఐరన్ అలవాటు, దానివల్లే తల కిందికి దిగుతూ తగిలేది. ఎత్తు పెంచినాక కిందికి దిగడం తగ్గింది, అచ్చులు ఫేస్ మధ్యకీ కొంచెం పైకీ వచ్చినాయి, పైన తగిలితే బాల్ ఎత్తుకి లేస్తుంది, స్పిన్ తగ్గుతుంది. అందుకే లాఫ్ట్ పెరిగినా బాల్ నిలువుగా లేచి చావడం చాలావరకు ఆగింది.

తల స్పీడు ఒక మైలు తగ్గింది. బాల్ స్పీడు మాత్రం 118 నుంచి 123కి పెరిగింది. ఇది ఆయన నమ్మలేదు, మిషన్ తప్పు చూపిస్తాంది అన్నారు. నడిమిన తగలడం అంటే అదే. సగటు 212, వెడల్పు 52. కోణం లెక్కేస్తే 14 డిగ్రీలు, అంటే 3-వుడ్‌తో సమానం, దానికంటే ముప్పై యార్డులు ముందు.

వెనక్కాల చేనులో కొట్టి చూసినప్పుడు ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇన్నాళ్లూ నేను నా బ్యాగుతో కొట్లాడినానా" అన్నారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘడియలు ఇవే.

కోర్సు మీద నిర్ణయం ఎట్లా

షెడ్డులో అంకెలు మారితే సరిపోదు, టీ మీద నిలబడి కంచె చూసినప్పుడు చేయి ఐరన్ మీదికే పోతుంది. అందుకని ఆయన కోర్సు మ్యాప్ తీసి ప్రతి హోల్ మీద 212 దగ్గర 52 యార్డుల వెడల్పుతో ఒక గీత గీసినాం. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల దగ్గర, బెంగళూరు పక్క 900 దాకా, అక్కడ గాలి పల్చన కాబట్టి బాల్ రెండు శాతం దాకా ఎక్కువ పోతుంది, కాబట్టి గీతని నాలుగైదు యార్డులు ముందుకి జరిపినాం. చిన్న సంగతే గానీ కాలవ దాటాలా వద్దా అనే హోల్లో అదే తేల్చేస్తుంది.

గీత ఔటాఫ్ బౌండ్స్‌లోకి పోతే ముందు చేసేది క్లబ్ మార్చడం కాదు, గురి మార్చడం. ఆయన ఎప్పుడూ ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కోసిన దారి) నడిమికే గురి పెట్టేవారు, బాల్ కుడికి వంగుతుందని తెలిసి కూడా. గురి ఎడమ రఫ్ (ఫెయిర్‌వే పక్కన పొడుగు గడ్డి) అంచుకి జరిపితే చాలా హోల్స్‌లో కుడి కంచె గీత బయటికి పోయింది. ఎడమ రఫ్‌లో పడితే ఒక స్ట్రోక్‌లో చిన్న ముక్క పోతుంది. ఔటాఫ్ బౌండ్స్ అయితే స్ట్రోకూ పోతుంది, దూరమూ పోతుంది, రూల్ 18.2 అదే చెప్తుంది, మళ్లీ టీ నుంచి మూడో షాట్ కొట్టాల. ఈ రెండు ఖర్చులూ ఒకటి కాదు, ఫెయిర్‌వే తప్పడం గురించి బాధపడడం మానేసి ఈ రెండోదాన్నుంచి తప్పించుకోవాల. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ స్ట్రోక్స్ గెయిన్డ్ లెక్కలు (ఒక్కో షాట్ ఎంత లాభమో కొలిచేవి) చెప్పేది కూడా ఈ దిక్కే: పెనాల్టీ లేనంతవరకు గ్రీన్‌కి (హోల్ గుంత ఉండే నున్నటి చోటు) దగ్గరగా ఉండడానికే విలువ ఎక్కువ.

గురి జరిపినా గీత పట్టని హోల్స్ మూడు మిగిలినాయి. ఒకదాంట్లో 205 దగ్గర అడ్డంగా నీళ్లు. ఒకదాంట్లో డాగ్‌లెగ్ (మధ్యలో వంకర తిరిగే దారి), డ్రైవర్ కొడితే ఫెయిర్‌వే అయిపోయి చెట్లలోకి. ఒకదాంట్లో రెండు పక్కలా ఔటాఫ్ బౌండ్స్, బాల్ పడేచోట నలభై యార్డులే. ఈ మూడింటికీ 3-వుడ్ కాదు, 18 డిగ్రీల 5-వుడ్ పెట్టినాం, పొట్టి షాఫ్టు, ఎక్కువ లాఫ్టు, ఆయన చేతుల్లో 3-వుడ్ కంటే పది యార్డులే తక్కువ, పైగా గడ్డి మీద నుంచి కూడా లేస్తుంది. 3-వుడ్ బ్యాగులోంచి తీసేసినారు. నన్ను నేర్పమని అడిగిన క్లబ్ అదే. మిగిలిన పదకొండు హోల్స్‌లో ఆలోచన లేకుండా డ్రైవర్.

మొదటి ఆదివారాల్లో కష్టమైంది. ఒకసారి రెండు బాల్స్ బయటికి పోయినాయంట, ఫోన్ చేసి "ఐరన్ తీసుకోనా?" అన్నారు. ఆ 52 వెడల్పులో చివర్లలో పడే బాల్స్ కూడా ఉన్నాయి అన్నా, అవి కూడా లెక్కలోవే, ఒక రోజు చూసి మార్చొద్దు అని చెప్పినాను. మార్చలేదు. ఒక సీజన్ తిరిగేసరికి హ్యాండిక్యాప్ 22 నుంచి 17కి దిగింది. ఇదంతా డ్రైవర్ పుణ్యమే అని చెప్పను, పటింగ్ (గ్రీన్ మీద బాల్‌ని గుంతలోకి దొర్లించడం) కూడా అదే కాలంలో బాగుపడింది. కానీ పార్-4ల్లో రెండో షాట్‌కి గ్రీన్ అందడం మాత్రం దీనివల్లే.

ఈ కేసు తర్వాత నేను ఫిటింగ్‌కి (ఆటగాడికి తగ్గట్టు క్లబ్ అమర్చడానికి) వచ్చిన ప్రతి మనిషి దగ్గరా ముందు ఒక సంగతి తేల్చుకుంటున్నాను, బాల్ పక్కకి పోవడానికి కారణం తగిలిన చోటా, ఫేస్ చూసే దిక్కా అని. తగిలిన చోటే అయితే పెద్ద తల చాలావరకు మందు. దిక్కు అయితే ఎంత ఖరీదైన తల అయినా లాఫ్టు, షాఫ్టు, పట్టు చూడకుండా డబ్బు పెట్టనీయను. ఎక్కువమందికి ఈయన లాగా రెండూ ఉంటాయి, అప్పుడు ఏది ఎంత పాలు అని కొలవకుండా మొదలుపెట్టను.

ఇంకా తేలనిది ఎదురుగాలి. జులైలో ఎదురుగాలికి ఆయన 12 డిగ్రీల బాల్ ఇప్పటికీ కొంచెం ఎక్కువే లేస్తుంది, ఆయనకేమో స్లీవ్ తిప్పి 10.5 చేసేయాలని ఉంది. తిప్పితే ఫేస్ తెరుచుకుంటుంది, మళ్లీ పాత వంపు వస్తుందని నా అనుమానం. స్లీవ్ ముట్టుకోకుండా టీ పావు ఇంచు తగ్గించి, బాల్ కొంచెం వెనక్కి పెట్టి కొట్టించాలని అనుకున్నాం. వచ్చే ఆషాఢంలో రెండు రకాలూ చేనులో కొట్టించి, వెడల్పు కొలిచినాక ఏది ఉంచాలో ఆయనే చెప్తారు.